గోడ అవతలి చెవి

రాగి మేస్త్రి ఇల్లెక్కడని ఆ వీధిలో ఎవరినీ అడగనక్కర్లేదు, చెవులుంటే చాలు. పొద్దున తొమ్మిదింటికి మొదలైన ఠంగుఠంగు భోజనాల వేళ కాసేపు ఆగి, మళ్లీ అందుకుని, దీపాలు పెట్టే వేళదాకా సాగుతుంది. పక్కింటి లెక్కల మాస్టారు ఆ చప్పుడు మీద రెండేళ్లు యుద్ధం చేశాడు. మూడో ఏడు మేస్త్రి జ్వరమొచ్చి వారం రోజులు పడుకుంటే, ఆ మాస్టారే గోడ మీంచి తొంగిచూసి, "ఏమ్మా, ఆయనకి ఎప్పటికి తగ్గుతుంది? మధ్యాహ్నం పూట కన్ను మూతపడటం లేదు" అన్నాడు. మనుషులంటే అంతే మరి, పోరుక్కూడా అలవాటు పడిపోతారు.

ఈ కథ మేస్త్రిదే గాని, మనం వినేది గోడకి ఇవతల కూర్చుని. అక్కడ వంటగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని ఉండేది ఆయన భార్య. వీధంతా ఆవిడని మేస్త్రమ్మ అంటుంది. బడిపిల్లల యూనిఫారాలు, పరదాలు, పొడుగెక్కువైన ప్యాంట్లు, అన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి. వంటగదికీ మేస్త్రి షెడ్డుకీ మధ్య ఉన్నది ఒకే ఒక్క ఇటుక గోడ. పెళ్లయిన కొత్తలోనే ఆయన చెప్పేశాడు: "నేను పనిలో ఉన్నప్పుడు లోపలికి రాకు. మనిషి అలికిడైతే నాకు రేకు వినపడదు." ఆవిడ పౌరుషం గల మనిషి. రావద్దంటే వెళ్లే రకం కాదు. ముప్పై రెండేళ్లు వెళ్లలేదు.

మేస్త్రి తండ్రి గిన్నెలు, మూతలు కొట్టేవాడు. స్టీలు వచ్చింది, ప్లాస్టిక్కు వచ్చింది, రాగిగిన్నె కొనేవాడు లేకుండా పోయాడు. అమ్ముడుపోని మూతలు షెడ్డులో గుట్టపడి ఉంటే, ఇరవై నాలుగేళ్ల కొడుకు ఓ మధ్యాహ్నం వాటిలో ఒకటి తీసి, కునుకు తీస్తున్న తండ్రి ముఖాన్ని దాని మీద కొట్టాడు. తండ్రి లేచి చూసి, "మూతకి ముక్కెందుకురా?" అన్నాడట. అన్నాడు గాని, దాన్ని తీసుకెళ్లి గుమ్మం మీద ఆయనే మేకు కొట్టి తగిలించాడు. అప్పటినుంచి మేస్త్రికి ముఖాలే పని. చనిపోయిన పెద్దల ముఖాలు, బడుల ముందు పెట్టుకునే బొమ్మలు, పార్కులో కూర్చున్న మనిషీ, మనిషి పక్కన కుక్కా.

ఆయన పని తీరే వేరు. మిగతావాళ్లు పోతపోస్తారు, లేదా ముక్కలు కోసి అతుకుతారు. ఈయన చదునైన రాగిరేకు తీసుకుని, తారూ గుగ్గిలమూ కలిపి కాచిన ముద్ద మీద పరిచి, వెనకవైపు నుంచి కొడతాడు. ముక్కు రావాలంటే వెనక గుంట పెట్టాలి, బుగ్గ రావాలంటే వెనక సొట్ట పెట్టాలి. కొట్టినంతసేపూ ఆయనకి కనిపించేది అన్నీ గుంటలున్న ముఖమే. "మీ ఆయన మంచిమాట ఎదురుగా అనడు, వెనకాలే అంటాడు. పనిలో కూడా అంతే" అని మేస్త్రమ్మని ఆడపడుచు ఏడిపించేది. నిజమే, పొగడ్త ఆయన నోట్లోంచి రావాలంటే వాన రావాలి. ఇంకొకటి, ముఖానికి అతుకు పడకూడదన్నది ఆయన పట్టుదల. ఒళ్లు ఎన్ని ముక్కలైనా చేసి కలుపుతాడు. ముఖం మాత్రం ఒకే రేకు. అతుకు పెడితే అది ముసుగవుతుంది గాని ముఖం కాదంటాడు.

రాగికి పౌరుషమెక్కువ. కొట్టేకొద్దీ బిగుసుకుంటుంది. ఆ బిగువు మీద ఇంకా కొడితే పగిలిపోతుంది. అందుకని మధ్యమధ్యలో ఎర్రగా కాల్చి చల్లార్చాలి, మళ్లీ మెత్తబడి మాట వింటుంది. ఎప్పుడు కాల్చాలన్నది చెప్పేది చప్పుడు. మెత్తగా ఉన్నప్పుడు దెబ్బ బొద్దుగా పలుకుతుంది. బిగిసేకొద్దీ సన్నబడి పైకి లేస్తుంది. పగిలే ముందు మాత్రం, గొంతు బొంగురుపోయినట్టు, అందులో చిన్న జీర వస్తుంది. ఆ జీరకి ముందే ఆగాలి. చేతికి కూడా తెలుస్తుందంటారు. తెలుస్తుంది, కాకపోతే చేతికి తెలిసేసరికి రేకు పగిలి ఉంటుంది.

ఇదంతా మేస్త్రమ్మకి ఎవరూ నేర్పలేదు. కాని చప్పుడు సన్నబడిందంటే ఇక ఆయన సుత్తి దించి, రేకుని మంటలో పెట్టి, అది చల్లారేలోపు టీ కోసం వంటగదిలోకి వస్తాడని ఆవిడకి తెలుసు. అందుకని చప్పుడు మారగానే మిషను ఆపి టీ పెట్టేది. ఆయన గుమ్మంలో అడుగుపెట్టేసరికి గ్లాసులో పొగలు కక్కుతూ టీ ఉండేది. సరిగ్గా ఆ వేళకి ఎలా సిద్ధమవుతోందని ఆయన ఒక్కనాడూ అడగలేదు. మొగుళ్లు ఇలాంటివి అడుగుతారా? టీ దానంతటదే కాగుతుందనుకుంటారు.

రెండేళ్లుగా ఆయన వెనకనుంచి పిలిస్తే పలకడం లేదు. వీధిలోవాళ్లు మేస్త్రికి గర్వం తలకెక్కిందన్నారు. మేస్త్రమ్మ మాత్రం ఏమీ అనకుండా, ముందు భుజం మీద చెయ్యి వేసి, ఆయన తిరిగాక ఎదురుగా నిలబడి మాట్లాడటం అలవాటు చేసుకుంది. ఓసారి ఆయన సొరుగులో చెవి మిషను కనిపించింది. తనకి చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాడన్నమాట. షెడ్డులో పెట్టుకుని చూసి ఉంటాడు. నలభై ఏళ్ల సుత్తిపోటు తిన్న చెవికి అందులోంచి అన్ని దెబ్బలూ ఖాళీ డబ్బా కొట్టినట్టే ఉండుంటాయి. దాన్ని ఎక్కడుందో అక్కడే పెట్టేసి ఆవిడ సొరుగు మూసింది. ఆయన దాచుకున్నాడు, ఆవిడా దాచింది. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ నోరు మెదపలేదు.

అలాంటి రోజుల్లో కొత్త బస్టాండు పని వచ్చింది. ప్రయాణికులు కూర్చునే హాల్లో రాగి బొమ్మ పెడదామన్నాడు ఇంజినీరు. మేస్త్రి మట్టితో చిన్న నమూనా చేశాడు: ఒళ్లో మూట పెట్టుకుని బస్సు కోసం ఎదురుచూసే పెద్దావిడ, పెదవి చివర కొంచెం నవ్వు. అందరికీ నచ్చింది. నిలువెత్తుకి మించిన బొమ్మ, నాలుగు నెలల పని. ఒళ్లు, మూట, చేతులు, మోకాళ్ల మీద చీర మడతలు, అన్నీ పూర్తయ్యాయి. ముఖం ఒక్కటే మిగిలింది.

ఆ రోజు మేస్త్రమ్మ ఓ ప్యాంటు అంచు మడిచి కుడుతోంది. గోడ అవతల చప్పుడు సన్నబడింది. లేచి టీ పెట్టింది. టీ పొంగింది, దించింది, ఆయన రాలేదు. దెబ్బలు ఆగలేదు. చప్పుడు ఇంకా పైకి లేచింది. అప్పుడు వచ్చింది జీర. "ఏమండీ!" అని కేక వేసి పరిగెత్తింది. ఎవరికి వేసింది కేక? షెడ్డు గుమ్మం దాకా వెళ్లేసరికి ఓ చచ్చు చప్పుడుతో బుగ్గ మీంచి గడ్డం దాకా రేకు చీలింది. ఆయన సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆవిడని చూసి, "రేకు మంచిది కాదు. కల్తీ ఎక్కువైపోయింది" అన్నాడు. ఆవిడ ఊఁ అంది. అంతకన్నా ఏమంటుంది?

రెండో ముఖం ఇంకో విధంగా పోయింది. ఈసారి భయపడి పది దెబ్బలకోసారి మంటలో పెట్టాడు. అవసరం లేకుండా కాలిస్తే రాగి ఊరుకుంటుందా? నున్నగా ఉండాల్సిన చెంపలు నారింజతొక్కలా గరుకు తేలాయి, కనురెప్ప పలచబడి చిల్లిపడింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా అదే వారం ఇంజినీరు వచ్చి, నెలాఖరుకి ముఖం రాకపోతే ఫైబరుతో చేసినదేదో తెచ్చి పెట్టేస్తామని మర్యాదగా చెప్పి వెళ్లాడు. ఆ మందంలో మిగిలింది ఒక్కటే రేకు.

గేట్లు, గ్రిల్సు చేసే మరిది వచ్చాడు. మంచివాడే, నోరే కాస్త దురుసు. "వదినా, రెండు ముక్కలుగా కొట్టమను. నేనొచ్చి వెల్డింగు పెట్టి రుద్దేస్తా. ఎవడికి తెలుస్తుంది? అన్నయ్యకి చెప్పి చెప్పి నా నోరు పడిపోతోంది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది" అన్నాడు. సామెత సామెతలాగే అన్నాడు పాపం, అతనికేం తెలుసు! మేస్త్రమ్మ వేలికి సూది దిగింది. ఆ సాయంత్రం మేస్త్రి అన్నం ముందు కూర్చుని, కంచంలోకి చూస్తూ, "ఇదీ పోతే సుత్తి పక్కన పెట్టేస్తానే. తమ్ముడి షాపులో కూర్చుంటా. గేట్లకి రంగేయడానికైనా పనికొస్తాను కదా" అన్నాడు.

ఆవిడకి ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. కష్టాలు ఆవిడకి కొత్తకావు. కాని సుత్తి లేని ఈ మనిషిని ఎలా చూడాలో, ఆ చప్పుడు లేని ఇంట్లో ఎలా మసలాలో మాత్రం ఆవిడకి తెలీదు. జ్వరమొచ్చిన వారం రోజులే తనకి ఒక ఏడులా గడిచాయి.

మర్నాడు పొద్దున్నే మిషను ముందున్న ముక్కాలిపీట చంకన పెట్టుకుని షెడ్డులోకి నడిచింది. ఆయన మూడో రేకు పరుస్తున్నాడు. తలెత్తి, "ఇక్కడేం పని నీకు?" అన్నాడు.

ఆవిడ ఎదురుగా నిలబడి కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. "మీకు వినపడటం లేదు."

"ఎవడన్నాడు?"

"ఎవడూ అనలేదు. నేనంటున్నా."

"నీకేం తెలుసు నా పని? రేకంటే గుడ్డపీలికనుకున్నావా?"

"తెలీదా? ముప్పై రెండేళ్లుగా మీరు సుత్తి దించి లోపలికొచ్చేసరికి టీ పొగలు కక్కుతూ ఎలా ఉంటోందనుకున్నారు? గడియారం చూసి పెడుతున్నాననుకున్నారా? రేకు చెబితే పెడుతున్నా!"

మేస్త్రికి ముక్కు మీదే ఉంటుంది కోపం. అది వస్తున్నట్టే వచ్చి ఎటో పోయింది. కాసేపు గోడకేసి చూశాడు, ఆ గోడ అక్కడుందని అప్పుడే తెలిసినట్టు. తర్వాత మొండితనం గుర్తొచ్చింది కాబోలు, "సరే, వెళ్లి నీ చోట్లో కూర్చో" అన్నాడు.

ఆవిడ వంటగదిలోకెళ్లి కూర్చుంది. ఆయన పగిలిన పాత ముఖంలోంచి మూడు ముక్కలు కోశాడు. ఒకదాన్ని కాల్చి మెత్తబరిచాడు, ఒకదాన్ని సగం బిగిసేదాకా కొట్టాడు, మూడోదాన్ని ఇంకా. ఆవిడకి ఏది ఏదో చెప్పకుండా ఒక్కొక్కటీ ఇనుప పట్టెడ దిమ్మ మీద పెట్టి మోగించాడు. ఆవిడ గుమ్మంలోకొచ్చి వేళ్లు మడుస్తూ చెప్పింది. "మొదటిది ఇప్పుడే మంటలోంచి వచ్చింది. రెండోది ఇంకో ముప్పై దెబ్బలు పడుతుంది. మూడోదానికి జీర పట్టింది. రెండు దెబ్బలు, మహా అయితే మూడు."

ఆయన ఆవిడ కళ్లలోకి చూస్తూ మూడో ముక్క మీద ఒకటి కొట్టాడు. ఇంకొకటి కొట్టాడు. ముక్క చీలిపోయింది.

మేస్త్రి నేల మీదే చతికిలబడ్డాడు. "నాకు వినపడటం లేదే" అన్నాడు, అదేదో ఆవిడకి కొత్తగా చెబుతున్నట్టు. ఆ మాట బయటికొచ్చాక చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ పక్కన కూర్చుని కొంగుతో ఆయన ముఖం తుడిచింది. మసి ఇంకా ఎక్కువ అంటుకుంది. "చాల్లెండి, లేవండి. నెలాఖరు మనకోసం ఆగదు" అంది.

పదకొండు రోజులు కొట్టారు. కొట్టారనే అనాలి మరి. ఆవిడ ఎదురుగా పీట మీద, చెయ్యి మోకాలి మీద. చప్పుడు సన్నబడగానే చెయ్యి లేస్తుంది, ఆయన సుత్తి దించి మంట వెలిగిస్తాడు. అంత సజావుగా సాగిందనుకునేరు! మొదటి రెండు రోజులూ పాము ముంగిసల్లా ఉన్నారు. "ఇంకా పడుతుందే" అని ఆయన, "పడదు" అని ఆవిడ. "ముప్పై రెండేళ్లు నోరెత్తలేదు, ఇప్పుడు అంతా కలిపి ఎత్తుతున్నావా?" అని ఆయన గొణిగితే, "ఇంకా వడ్డీ మిగిలుంది" అని ఆవిడ. యూనిఫారాలు కుప్పపడ్డాయి. పిల్లల తల్లులు వచ్చి అరిచి వెళ్లారు. ఆవిడ ఎవరికీ జవాబు చెప్పలేదు. రేకుని వెనకవైపు నుంచి చూస్తూ, ఆ గుంటల్లో ముక్కేదో కన్నేదో ఆవిడకి ముందు అర్థం కాలేదు. అయిదో రోజుకి అర్థమైంది. ఈయన ఇన్నేళ్లూ ముఖం కళ్లెదుట కనపడకుండానే ఇంత కష్టం పడ్డాడా అని జాలేసింది. ఆ మాట ఆయనకి చెప్పలేదు. మళ్లీ నెత్తికెక్కుతాడని.

పన్నెండో రోజున మంట పని అయిపోయింది. ఇక చివరి విడత. ఇందులో కాల్చడం ఉండదు. ముఖాన్ని మెత్తగా వదిలేస్తే బస్టాండులో ఏ పెట్టె తగిలినా సొట్టపోతుంది. కాబట్టి బిగువు మీదే దిద్దాలి, ఎంత దగ్గరికి వెళితే అంత మంచిది, కాస్త ఎక్కువైతే అంతా పోతుంది. కాలిస్తే సరిచేసుకోవచ్చన్న ఆశ కూడా ఉండదు. కనుబొమలు అయ్యాయి, ముక్కుపుటాలు అయ్యాయి, పై పెదవి అయింది. మిగిలింది పెదవి కుడి కొస. అక్కడే ఆ కొంచెం నవ్వు ఉండాలి. ఎడమ కొస అప్పటికే పైకి తేలింది.

ఆయన సన్నటి ఉలి పెట్టి పైన చిన్న సుత్తితో తడుతున్నాడు. టింగ్. టింగ్. ఆవిడ చెవి రిక్కించింది. టింగ్. చెయ్యి లేచింది.

ఆయన ఆగాడు. గుంటలో వేలు పెట్టి తడిమి చూసుకుని, తలెత్తి ఒక వేలు చూపించాడు. ఒక్కటి. ఒక్క దెబ్బ వేస్తే నవ్వు వస్తుంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన ఉలిని మళ్లీ ఆ చోటే పెట్టాడు. ఆవిడ చెయ్యి దించలేదు. ఆయన ఆ చేతికేసి చూశాడు, రేకుకేసి చూశాడు, ఉలి తీసి పక్కన పెట్టేశాడు.

ముఖాన్ని తిరగేసి వెలుతురులో నిలబెట్టారు. పెదవి ఒక పక్కే లేచింది. రెండో పక్క ఇంకా లేవలేదు. దూరంగా ఏదో బస్సు కనిపించి, తనదో కాదో ఇంకా తేల్చుకోలేని మనిషిలా ఉంది పెద్దావిడ. మేస్త్రి చాలాసేపు చూశాడు. మట్టి నమూనా తెచ్చి పక్కన పెట్టుకుని మళ్లీ చూశాడు. ఆయన ఏమీ అనకపోవడం మేస్త్రమ్మకి కొత్త కాదు గాని, ఈసారి అది ముల్లులా గుచ్చుకుంది. కక్కలేక మింగలేక తిరిగింది.

బస్టాండు తెరిచిన రోజు ఇంజినీరు ఆ ముఖం ముందు నిలబడి, "నమూనాలో ఇలా లేదే! అక్కడ ఊరికే నవ్వుతోంది. ఇక్కడ నిజంగా ఎదురుచూస్తోంది" అన్నాడు. మరిది గడ్డం కింద, చెవుల వెనక వేలు పెట్టి అతుకు కోసం వెతికి వెతికి, దొరక్క, "ఒప్పుకున్నాను బాబూ" అని అన్నయ్యకి దణ్ణం పెట్టాడు. పొగిడినవాళ్లంతా పొగిడి, ఫొటోలు దిగి, వెళ్లిపోయారు. హాల్లో నిజం ప్రయాణికులు వచ్చి మూటలతో కూర్చున్నారు. ఒక ముసలాయన రాగి పెద్దావిడ పక్కన చోటు చూసుకుని, ఆవిడ మోకాలికి ఆనుకుని అప్పుడే కునుకు మొదలెట్టాడు.

మొగుడూ పెళ్లాం ఎదురు బెంచీ మీద మిగిలారు. మేస్త్రమ్మ ఇక ఆగలేకపోయింది. ఆయన భుజం తట్టి, తనవైపు తిప్పుకుంది.

"ఆ చివరి దెబ్బ దగ్గర చెయ్యెత్తాను చూడండి... జీర నిజంగా వచ్చిందో లేదో నాకు తెలీదండీ. విన్నాననే అనుకున్నా. తర్వాత ఎంత తలచుకున్నా విన్నట్టు లేదు. ఇదీ పోతే మీరు సుత్తి పడేస్తారని భయమేసింది. ఆ భయానికి చెయ్యి లేచిపోయింది. ఇంకో దెబ్బ పట్టేదేమో. మీరనుకున్న నవ్వు నేనే చెడగొట్టానేమో."

చెబుతూ చెబుతూ ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన ఆవిడ పెదవులకేసి చూస్తూ ప్రతి మాటా అందుకున్నాడు. అందుకుని, కోప్పడతాడనుకుంటే నవ్వాడు. కునుకు తీస్తున్న ముసలాయన ఉలిక్కిపడేంత గట్టిగా నవ్వాడు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకి తెలీదు కదా.

"నాకూ ఎప్పుడూ తెలీలేదే" అన్నాడు. "చెవులు బాగున్న రోజుల్లో కూడా. చివరి దెబ్బ దగ్గర నేను విని ఆగానో, భయపడి ఆగానో, ఒక్క ముఖం దగ్గరా తెలీలేదు. జనం అదంతా నా చెవి గొప్పన్నారు, నేనూ కాబోలనుకున్నా."

"మరి?"

"మరేముంది? నీకు నాకంటే ఓ దెబ్బ ముందే భయమేస్తుంది. తర్వాతి ముఖానికి కాస్త ధైర్యం తెచ్చుకో."

తర్వాతి ముఖం అన్నాడు. మేస్త్రమ్మ ఆ మాట సరిగ్గానే విన్నానా అని ఓ క్షణం ఆగింది. మళ్లీ అడగలేదు. ఆయన చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుని, బస్సు వచ్చేదాకా అలాగే కూర్చుంది.